పొట్టలో చేను, పళ్లెంలో లెక్క



మన ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పెద్దవాళ్లను అడగండి. పాతకాలం చేను ఎలా ఉండేదో చెబుతారు. బుడ్డల చేలో కంది సాళ్లు వేసేవాళ్లు. కొర్రలో కంది కలిపేవాళ్లు. గట్టు వెంబడి అలసందలు, అనుములు పెట్టేవాళ్లు. ఒక పంటకు పురుగు పడితే ఇంకో పంట చేతికి వచ్చేది. ఒకటి ఎండిపోతే ఇంకొకటి నిలిచేది. ఒకే పంట వేసిన చేనుకు ఆ ధైర్యం ఉండదు.

మన పొట్టలో కూడా ఇలాంటి చేను ఒకటి ఉంది. అందులో కంటికి కనిపించని జీవులు ఉంటాయి. అవి ఎన్ని రకాలు ఉన్నాయి? రకాలు తగ్గితే ఏమవుతుంది? శాస్త్రవేత్తలు వాటిని ఎలా లెక్క పెడతారు? మనం ఇంట్లో ఏ లెక్క రాసుకోవచ్చు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

క్రిములన్నీ చెడ్డవేనా?

"క్రిమి" అనగానే మనకు రోగం గుర్తుకు వస్తుంది. కలరా, టైఫాయిడ్, క్షయ క్రిముల వల్లే వస్తాయి. అది నిజమే. కానీ రోగం తెచ్చేవి కొన్నే. మిగతావాటిలో చాలా రకాలు మనకు హాని చేయవు. కొన్ని మేలు చేస్తాయి.

పాలల్లో తోడు వేస్తాం. తెల్లారేసరికి పెరుగు అవుతుంది. ఆ పని చేసేది ఎవరు? తోడులో ఉన్న క్రిములే. దోశ పిండి పొంగడం కూడా క్రిముల పనే. వీటిని బాక్టీరియా అంటారు.

ఇక్కడ ఒక మాట. పిల్లల పొట్టలో ఉండే నులిపురుగులు వేరు. అవి కంటికి కనిపిస్తాయి. అవి పిల్లల తిండిని, రక్తాన్ని దోచుకుంటాయి. వాటికి బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర వేయించాలి. మనం ఇప్పుడు చెప్పుకునేది ఆ పురుగుల గురించి కాదు. కంటికి కనిపించని బాక్టీరియా గురించి.

బట్టల వ్యాపారి చూసిన వింత

బాక్టీరియాను మొదట చూసినవాడు డాక్టరు కాదు. బట్టల వ్యాపారి. పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. ఊరు నెదర్లాండ్స్ దేశంలోని డెల్ఫ్ట్. ఎమ్మిగనూరు నేతగాళ్లు పోగు నాణ్యం ఎలా చూస్తారో మీకు తెలుసు. ఆ వ్యాపారి కూడా బట్టలో పోగులను భూతద్దంతో చూసేవాడు. తర్వాత తానే చిన్న చిన్న అద్దాలు అరగదీసి, ఇంకా పెద్దగా చూపించే పరికరాలు చేసుకున్నాడు.

మిరియం ఎందుకు ఘాటుగా ఉంటుందో తెలుసుకోవాలని ఆయనకు ఆశ పుట్టింది. మిరియాలను నీళ్లలో నానబెట్టాడు. ఆ నీటి బొట్టును అద్దం కింద చూశాడు. ఘాటు సంగతి తెలియలేదు. కానీ బొట్టు నిండా ప్రాణులు కదులుతున్నాయి! 1676లో ఈ సంగతి జాబు రాశాడు. 1683లో తన పళ్ల మీది పాచిలో కూడా అలాంటివే ఉన్నాయని రాశాడు. మనిషి ఒంట్లో క్రిములు కాపురం ఉంటాయని అప్పుడు తెలిసింది.

మన పొట్టలో ఎన్ని ఉన్నాయి?

2016లో శాస్త్రవేత్తలు ఒక లెక్క వేశారు. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయి. మన ఒంటి కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంటే మన కణాల కంటే అవే కొంచెం ఎక్కువ. అన్నీ కలిపి తూకం వేస్తే సుమారు 200 గ్రాములు. పావు కిలో కూడా కాదు. వీటిలో చాలా భాగం పెద్ద పేగులో ఉంటాయి.

అవి అక్కడ ఏం చేస్తున్నాయి? మనం తిన్న జొన్న రొట్టెలో, పప్పులో, ఆకుకూరలో పీచు ఉంటుంది. పీచును మన పొట్ట అరిగించలేదు. అది పెద్ద పేగు దాకా పోతుంది. అక్కడ బాక్టీరియా దాన్ని తింటాయి. తిని కొన్ని ఆమ్లాలు తయారు చేస్తాయి. పేగు లోపలి గోడకు ఆ ఆమ్లాలే తిండి. గోడ గట్టిగా ఉంటే రోగం తెచ్చే క్రిములు లోపలికి చొరబడవు. కొన్ని బాక్టీరియా మనకు విటమిన్లు కూడా చేసి పెడతాయి. మంచి బాక్టీరియా చోటంతా నిండి ఉంటే చెడ్డవాటికి చోటు దొరకదు. పైరు దట్టంగా ఉన్న చేలో కలుపు తక్కువ కదా, అలాగే.

రకాలను ఎలా కొలుస్తారు? ఒక ఆట

"రకాలు ఎన్ని?" అని లెక్క పెడితే చాలదా? చాలదు. ఎందుకో తెలియాలంటే ఈ ఆట ఆడి చూడండి.

ఐదు రంగుల నూలు తీసుకోండి. ఎరుపు, పసుపు, పచ్చ, నలుపు, తెలుపు. అన్నీ ఒకే పొడవు ముక్కలుగా కత్తిరించండి. రెండు కుండలు పెట్టండి.

మొదటి కుండలో ప్రతి రంగు 20 ముక్కలు వేయండి. మొత్తం 100.

రెండో కుండలో తెల్ల ముక్కలు 96 వేయండి. మిగతా నాలుగు రంగులు ఒక్కొక్క ముక్క వేయండి. మొత్తం 100.

రెండు కుండల్లోనూ ఐదు రంగులే ఉన్నాయి. రెండూ సమానమేనా? కాదని చూస్తేనే తెలుస్తుంది. రెండోది దాదాపు అంతా తెలుపే.

ఇప్పుడు కళ్లు మూసుకుని మొదటి కుండలో ఒక ముక్క తీయండి. రంగు చూసి మళ్లీ అందులోనే వేయండి. కుండ బాగా కలపండి. ఇంకొక ముక్క తీయండి. రెండు రంగులు వేరుగా ఉన్నాయా, ఒకటేనా? ఇలా చాలాసార్లు చేయండి. మొదటి కుండలో 100 సార్లకు సుమారు 80 సార్లు రంగులు వేరుగా వస్తాయి. రెండో కుండలో సుమారు 8 సార్లే వస్తాయి.

కాబట్టి మొదటి కుండ కొలత 80. రెండో కుండ కొలత 8. ఇలా కొలవవచ్చని 1949లో ఎడ్వర్డ్ సింప్సన్ అనే ఆంగ్లేయుడు చెప్పాడు. అడవిలో చెట్లు ఎన్ని రకాలో, చెరువులో చేపలు ఎన్ని రకాలో చూడడానికి ఈ లెక్క వాడతారు. పేగుల్లో బాక్టీరియాకు కూడా ఇదే లెక్క వాడతారు. రెండు సంగతులు కలిపి చూస్తారు. ఎన్ని రకాలు ఉన్నాయి? అన్ని రకాలూ తగినన్ని ఉన్నాయా, లేక ఒక్కటే పెత్తనం చేస్తోందా?

నాలుగు అక్షరాల పుస్తకం

నూలు ముక్కల రంగు కంటికి కనిపిస్తుంది. బాక్టీరియాను చూసి రకం చెప్పడం కష్టం. చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. మరి ఎలా గుర్తు పడతారు?

మనం 56 అక్షరాలు నేర్చుకున్నాం. ప్రాణుల పుస్తకంలో నాలుగే అక్షరాలు. ప్రతి ప్రాణి కణంలోనూ సన్నని పోగు లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని డి.ఎన్.ఎ. అంటారు. దాని మీద ఆ నాలుగు అక్షరాలే రకరకాల వరుసల్లో ఉంటాయి.

బాక్టీరియా అన్నిట్లోనూ ఒక భాగం తప్పకుండా ఉంటుంది. సుమారు 1500 అక్షరాల పొడవు. రకాన్ని బట్టి అందులో అక్షరాలు కొంచెం మారతాయి. దాన్ని చదివితే పేరు చదివినట్టే. చీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పినట్టు, ఆ భాగం చూసి ఏ రకమో చెప్పవచ్చు. అమెరికాలో కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త 1977లో ఈ దారి చూపించాడు.

పరీక్షకు కొంచెం మలం చాలు, బఠాణీ గింజంత. దాన్ని చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ డి.ఎన్.ఎ. బయటికి తీస్తారు. యంత్రం వేల వేల పేర్లు చదువుతుంది. కంప్యూటర్ వాటిని రకాల వారీగా కుప్పలు పోస్తుంది. ఏ కుప్ప ఎంతో లెక్క వేస్తుంది. మనం కుండల దగ్గర చేసిన పనే ఇది.

రకాలు తగ్గితే ఏమవుతుంది?

ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం. కొందరు చాలా రోజులు యాంటీబయాటిక్ మందులు వాడతారు. ఆ మందులు రోగం తెచ్చే క్రిములతో పాటు మంచి బాక్టీరియాను కూడా చంపుతాయి. చేను ఖాళీ అవుతుంది. అప్పుడు క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే చెడ్డ క్రిమి పెరుగుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. మందు వేస్తే తగ్గుతాయి. మందు ఆపితే మళ్లీ వస్తాయి. ముసలివాళ్లకు ప్రాణం మీదికి కూడా వస్తుంది.

నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు ఒక కొత్త పని చేశారు. వినడానికి అసహ్యంగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలాన్ని పరీక్షించి, నీళ్లలో కలిపి, వడపోసి, గొట్టం ద్వారా రోగి పేగులోకి ఎక్కించారు. 16 మందికి ఇలా చేస్తే మొదటిసారే 13 మందికి నయమైంది. రెండోసారి చేస్తే ఇంకో ఇద్దరికి నయమైంది. మందు మాత్రమే ఇచ్చిన 13 మందిలో నలుగురికే నయమైంది. 2013లో ఈ ఫలితాలు వచ్చాయి.

వాళ్లు రకాల కొలత కూడా తీశారు. వైద్యానికి ముందు రోగుల పేగుల్లో రకాలు చాలా తక్కువ. తర్వాత మలం ఇచ్చినవాళ్లతో సమానంగా పెరిగాయి. చేను మళ్లీ నిండింది. రోగం పోయింది. ఇది పెద్ద ఆసుపత్రిలో, ఎన్నో పరీక్షలు చేశాక మాత్రమే చేసే వైద్యం. ఎవరూ సొంతంగా చేయకూడదు.

ఎక్కువ రకాలు ఉంటే ఎప్పుడూ మేలేనా?

కాదు. ఇది కూడా తెలుసుకోవాలి.

తల్లిపాలు తాగే పసిబిడ్డ పేగుల్లో రకాలు తక్కువగా ఉంటాయి. అది లోటు కాదు. తల్లిపాలల్లో కొన్ని చక్కెరలు ఉంటాయి. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. అవి బిడ్డ కోసం కాదు, బిఫిడో అనే మంచి బాక్టీరియా కోసం. తల్లి ఒంట్లో తయారైన పాలు బిడ్డకూ తిండి పెడతాయి, బిడ్డ పేగుల్లో ఉన్నవాటికీ పెడతాయి. అందుకే ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వాలి. తేనె, చక్కెర నీళ్లు, డబ్బా పాలు వద్దు. ఆరు నెలల తర్వాత తిండి మొదలు పెడితే రకాలు పెరుగుతూ వస్తాయి. సుమారు మూడేళ్లకు పెద్దవాళ్ల మాదిరి అవుతాయి.

ఇంకో సంగతి. 2012లో అమెరికాలో 242 మంది ఆరోగ్యవంతులను పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. ఏ ఇద్దరి బాక్టీరియా ఒక తీరుగా లేవు. "ఇన్ని రకాలు ఉంటేనే ఆరోగ్యం" అని ఒక అంకె చెప్పడానికి లేదు. రకాలు తక్కువగా ఉండడం కొన్ని రోగాల్లో కనిపిస్తుంది. కానీ రోగం వల్ల రకాలు తగ్గాయా, రకాలు తగ్గడం వల్ల రోగం వచ్చిందా అన్నది ప్రతి రోగంలోనూ తేలలేదు.

అందుకే బాగా ఉన్నవాళ్లు ఈ పరీక్ష కోసం డబ్బు పెట్టనక్కర లేదు. మన చేతిలో ఉన్న పని వేరే ఉంది. అది తిండి.

వాటికి తిండి పెట్టేది మనమే

2018లో ఒక పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాల్లో పది వేల మందికి పైగా తమ మలం పరీక్షకు పంపారు. ఏం తింటారో రాసి పంపారు. వారంలో 30 కంటే ఎక్కువ రకాల మొక్కల తిండి తినేవాళ్ల పేగుల్లో రకాలు ఎక్కువగా కనిపించాయి. పది, అంతకంటే తక్కువ రకాలు తినేవాళ్లలో తక్కువగా ఉన్నాయి. మొక్క మొక్కకూ పీచు మారుతుంది. ఒక్కొక్క బాక్టీరియాకు ఒక్కొక్క పీచు ఇష్టం. జొన్న పీచు తినేది ఒకటి, గోంగూర పీచు తినేది ఇంకొకటి.

మన దేశంలో కూడా చూశారు. భోపాల్‌లో, కేరళలో 110 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి 2019లో ఫలితాలు చెప్పారు. రెండు చోట్లా బాక్టీరియా వేరువేరుగా ఉన్నాయి. శాకాహారం ఎక్కువగా తినే భోపాల్ వాళ్లలో ప్రివోటెల్లా అనే రకం ఎక్కువ. పీచు ఉన్న తిండి తినేవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం అది. తిండి మారితే పొట్టలో చేను మారుతుందన్న మాట.

పులిసిన తిండి సంగతి ఏమిటి? అమెరికాలో 36 మందితో ఒక ప్రయోగం జరిగింది. సగం మంది పది వారాలు పెరుగు లాంటి పులిసిన తిండి ఎక్కువగా తిన్నారు. వాళ్ల పేగుల్లో రకాలు పెరిగాయి. మిగతా సగం మంది పీచు ఎక్కువగా తిన్నారు. వాళ్లలో ఆ కొద్ది రోజుల్లో రకాలు పెరగలేదు. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి. 36 మంది అంటే తక్కువే. అయినా మన మజ్జిగ, పెరుగు వదులుకోకూడదని అర్థమవుతుంది. ఇడ్లీ, దోశ కూడా పులిసినవే. కానీ పొయ్యి మీద వాటిలోని బాక్టీరియా చనిపోతాయి. పెరుగు, మజ్జిగలో బతికే ఉంటాయి.

మన పళ్లెం ఎలా మారింది?

మన పక్క జొన్న రొట్టె, కొర్ర బువ్వ, సజ్జ రొట్టె, అంబలి పాతకాలం నుంచి ఉన్నాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదల ఆకలి తీరింది. అది చిన్న సంగతి కాదు. కానీ బియ్యం పెరిగిన కొద్దీ జొన్న, కొర్ర తగ్గాయి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో పీచు తక్కువ. మూడు పూటలా అన్నం, కారం, పులుసు నీళ్లు అయితే పొట్ట నిండుతుంది. పేగుల్లో చేనుకు మాత్రం తిండి అందదు. మనకు రక్తం పట్టడానికి కావలసినవీ అందవు.

సుగ్గికి పోయినప్పుడు ఇది ఇంకా కష్టం. గుంటూరు పక్క మిరప కోతకు, పత్తి ఏరడానికి పోతాం. గుడిసెలో వంట. ఉదయం వండింది రాత్రి దాకా. కూర కొనడానికి తీరిక ఉండదు. పోయే ముందే కొన్ని మూట కట్టుకుంటే మేలు. వేయించిన బుడ్డల పొడి, అవిసె గింజల పొడి, పెసలు, ఉలవలు, జొన్న పిండి. ఇవి చెడిపోవు. పెసలు రాత్రి నానేసి ఉదయం మూట కడితే మర్నాటికి మొలకలు వస్తాయి. ఉడికించి పిల్లలకు పెట్టవచ్చు. మనమూ తినవచ్చు.

ఢాకాలో చిక్కిన పిల్లలు

మన పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌లో ఒక మంచి ప్రయోగం జరిగింది. ఢాకా నగరంలో మీర్‌పూర్ అనే పేదల వాడ ఉంది. అక్కడ బరువు తగ్గి చిక్కిపోయిన పిల్లల పేగులను శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఆ పిల్లల బాక్టీరియా వయసుకు తగ్గట్టు ఎదగలేదు. ఏడాదిన్నర పిల్లలకు ఇంకా చిన్న బిడ్డలకు ఉండేవే ఉన్నాయి.

ఏ తిండి పెడితే ఆ బాక్టీరియా ఎదుగుతాయో వెతికారు. చివరికి నాలుగు దొరికాయి. శనగ పిండి, బుడ్డల పిండి, సోయా పిండి, పచ్చి అరటికాయ. వీటికి నూనె, చక్కెర, విటమిన్లు కలిపారు. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న సుమారు 120 మంది పిల్లలను తీసుకున్నారు. సగం మందికి ఈ తిండి, సగం మందికి మామూలుగా ఇచ్చే బలం ముద్ద. రోజుకు రెండుసార్లు, మూడు నెలలు. బలం ముద్దలోనే శక్తి ఎక్కువ. అయినా శనగ, బుడ్డలు తిన్న పిల్లలే బరువులో బాగా పుంజుకున్నారు. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి.

శనగ, బుడ్డలు! మన నల్లరేగడిలో పండే పప్పుశనగ, మన ఎర్రనేలలో పండే బుడ్డలు. బస్తాలకెత్తి అమ్ముతాం. గుప్పెడు మన పిల్లలకు ఉంచుకోవాలి. చిన్నపిల్లలకు గింజలు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి బువ్వలో కలపండి. బిడ్డ బాగా చిక్కిపోతే ఇంటి తిండి ఒక్కటే చాలదు. అంగన్‌వాడీలో తూకం వేయించి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మందులు అవసరమైతేనే

యాంటీబయాటిక్ మందులు లక్షల ప్రాణాలు కాపాడాయి. మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేశాడు. ఆయన నడిపించిన పరిశోధనశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. అలాంటి మందులను అవసరం లేనిచోట వాడితే నష్టం.

డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులకు నాలుగు రోజులు మూడు రకాల యాంటీబయాటిక్ మందులు ఇచ్చి చూశారు. నెలన్నరలో బాక్టీరియా చాలావరకు తిరిగి వచ్చాయి. కానీ ముందు అందరిలోనూ ఉన్న తొమ్మిది రకాలు, ఆరు నెలలకు కూడా చాలామందిలో కనిపించలేదు. 2018లో ఇది బయటపడింది.

జలుబు చేస్తే రెండు మాత్రలు, విరేచనాలు అయితే రెండు మాత్రలు అని మందుల షాపులో అడిగి వేసుకోకండి. మామూలు జలుబుకు ఈ మందులు పనిచేయవు. డాక్టరు రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులు వాడండి. మధ్యలో ఆపకండి.

పిల్లలకు నీళ్ల విరేచనాలు అయితే మొదటి మందు ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే ఇంట్లో చేయండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లు, తలగొట్టి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అంతకంటే ఉప్పు వేయకండి. జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. తల్లిపాలు ఆపకూడదు. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

నీళ్ల సంగతి కూడా అంతే. తుంగభద్ర కాలువ నీళ్లయినా, ట్యాంకు నీళ్లయినా వడగట్టి కాచి తాగండి. మంచి బాక్టీరియా కావాలని మురికి నీళ్లు తాగకూడదు. వాటితో వచ్చేది రోగమే.

మన పళ్లెం లెక్క

యంత్రం లేకుండా మనం చేయగల లెక్క ఇది. ఒక కాగితం, పెన్సిలు చాలు. మీరు నేర్చుకున్న చదువు ఇక్కడ పనికి వస్తుంది.

వారం రోజులు రాయండి. తిన్న ప్రతి మొక్క పేరు ఒక్కసారి రాయాలి. ఒక వారంలో ఇలా రావచ్చు:

వరి, జొన్న, సజ్జ, కొర్ర, కంది, శనగ, పెసర, అలసంద, ఉలవ, బుడ్డలు, నువ్వులు, అవిసె, గోంగూర, పాలకూర, తోటకూర, మునగాకు, వంకాయ, టమోటా, బెండకాయ, గోరుచిక్కుడు, సొరకాయ, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ, చింతపండు, కరివేపాకు, కొత్తిమీర, జామ, అరటి, సీతాఫలం, నిమ్మ.

లెక్క పెట్టండి. 30 ఉన్నాయి. ఒక్క వారంలో ఇవన్నీ అందరికీ దొరకవు. 30 అనే అంకెలో మంత్రం ఏమీ లేదు. మీకు 12 వస్తే వచ్చే వారం 14 చేయండి. మునగాకు డబ్బు పెట్టి కొనక్కర లేదు. పొలం గట్టు మీది ఆకుకూర కొనక్కర లేదు. అన్నంలో ఒక పూట తీసి జొన్న రొట్టె పెట్టినా ఒక రకం పెరుగుతుంది.

మొక్కల తిండి ఒక్కటే కాదు. గుడ్డు, పాలు, చేప, మాంసం అందితే అవి కూడా తినాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఒక మాట చెప్పింది. రోజూ కనీసం ఎనిమిది రకాల ఆహార వర్గాల నుంచి తినాలని.

ఇప్పుడు అసలు సంగతి. కాగితం మధ్యలో ఒక గీత గీయండి. ఎడమ పక్క "ఇంట్లో వండినవి" అని రాయండి. కుడి పక్క "నా పళ్లెంలోకి వచ్చినవి" అని రాయండి.

చాలా ఇళ్లల్లో రెండు పక్కలూ సమానంగా రావు. మొగవాళ్లు తింటారు. పిల్లలు తింటారు. అత్తమామలు తింటారు. చివర మనం కూర్చునేసరికి కూర గిన్నె అడుగంటి ఉంటుంది. సద్దన్నం, కారం, ఉల్లిగడ్డ మిగులుతాయి. పొద్దంతా చేలో వంగి పనిచేసిన ఒళ్లు అది. కడుపుతో ఉన్న ఒళ్లు, పాలిచ్చే ఒళ్లు కూడా కావచ్చు. ఇంటి కుండలో పది రకాలు ఉడికినా మన పళ్లెంలోకి మూడే వస్తే, మన పొట్టలో చేనుకు అందేవి ఆ మూడే.

దీనికి డబ్బు ఖర్చు లేదు. అందరూ కలిసి కూర్చుని తినడం, లేదా వడ్డించే ముందే మన వంతు కూర తీసి పెట్టుకోవడం. కాగితం ఇంట్లోవాళ్లకు చూపించండి. నోటి మాట కొట్టిపారేయవచ్చు. రాసిన లెక్కను కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

గుర్తు పెట్టుకోండి

మన పేగుల్లో లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నాయి. చాలావరకు మేలు చేసేవే.
ఎన్ని రకాలు, ఏది ఎంత అన్నది రెండూ కలిపి కొలుస్తారు.
ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలే.
జొన్న, కొర్ర, పప్పులు, ఆకుకూరలు, మజ్జిగ వదలకండి.
డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ మందులు వద్దు.
విరేచనాలకు ఓ.ఆర్.ఎస్., జింకు.

మాట్లాడుకోండి

1. మీ అవ్వ కాలంలో తిన్న తిండిలో ఇప్పుడు ఏవి తినడం లేదు? ఎందుకు?
2. ఈ వారం మీ కాగితంలో ఎడమ పక్క ఎన్ని? కుడి పక్క ఎన్ని?
3. సుగ్గికి పోయేటప్పుడు ఏ గింజలు, ఏ పొడులు మూట కట్టుకోవచ్చు?
4. పొదుపు సంఘంలో అందరూ కలిసి జొన్నలు, పప్పులు ఒకేసారి కొంటే ధర తగ్గుతుందా? లెక్క వేయండి.